చెరువునకును ఊపిరి కలదు

నిడదవోలు గోదావరి పడమటి డెల్టాకు ముంగిట నున్న ఊరు. పడమటి కాలువలకు నీరు విడుచు విజ్జేశ్వరము దీనికి సమీపముననే కలదు. తూర్పు చాళుక్యుల కాలపు నిరవద్యపురమే నేటి నిడదవోలని చరిత్రకారులు చెప్పుదురు. కాకతి రుద్రమదేవి మెట్టిన చాళుక్య వంశమున కిదియే నెలవు. ఇట్టి ఊరి చరిత్రను రాజులను బట్టి చెప్పుట వాడుక. నేడు మాత్రము రాజులను విడిచి, ఈ సీమ చెరువులను గూర్చియు, వాని ఆరోగ్యమును గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటి. మన పెద్దలు దానిని పుణ్యముగనే గాక శాస్త్రముగను ఎంచిరి. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో ఒక శాసనము వేయించెను. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును అందు చెప్పబడినవి. కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ మిట్ట యుండుట, విశాలమైన నేలకు కొద్దినీరు, కొద్దినేలకు మిక్కిలి నీరు, ఇవియే ఆ దోషములు. కడపటి రెండును నీటి పరిమాణమును తలచి చెప్పినవే. కాని నేటి శాస్త్రము ఆ పొందికలో మరియొక అర్థమును చూపుచున్నది. గాలి నీటిలో ప్రవేశించునది పైతలమునుండి. తలము చిన్నదై లోతు హెచ్చైనచో అడుగునీటికి గాలి అందదు.

ఆనకట్టకు పూర్వము ఈ సీమ చెరువులు వానను నమ్ముకొనినవి. వాన తప్పిన యేట ఎట్టి విపత్తు కలుగునో 1832-33 నాటి నందన కరువు చూపినది. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట ఆరంభించి 1852లో ముగించెను. నేడు దాని స్థానమున ఆయన పేరిటి బరాజు కలదు. కాలువలు వచ్చినపిమ్మట పల్లెచెరువు వానకు బదులు కాలువను నమ్ముకొన్నది. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు చెరువులను నింపుకొని, తిరిగి నీరు విడుచువరకు ఆ నీటితోనే గడుపుకొనుట ఇచ్చటి వాడుక.

ఈ మేలుతోపాటు ఒక మార్పు జరిగినది. వానచెరువు వేసవిలో ఎండిపోవును. అప్పుడు రైతులు పూడిక తీసి, బండ్లతో పొలములకు తోలుకొందురు. అడుగు నేల బీటలు వారి, ఎండయు గాలియు సోకి, అందలి కుళ్ళు హరించును. చెరువు ఊపిరి పీల్చుట యనిన ఇదియే. కాలువచెరువు సరిగా ఆ ఎండలలోనే నిండియుండవలెను. కావున పూనుకొని ఎండగట్టిననే తప్ప దాని అడుగునకు గాలి లేదు. ఆకులు, పేడ, మురుగు ఏటేట అడుగున పేరుకొని నల్లని బురదయగును. దానిని కెలికిన కుళ్ళిన గ్రుడ్ల వాసన వచ్చును. గాలి చొరని చోట పుట్టు వాయువు అది.

నీటిలో గాలి యుండునా యని అడుగవచ్చును. ప్రీస్ట్లీ 1774లో ప్రాణవాయువును వేరుచేసి చూపెను. మొక్కలు ఎండలో మాత్రమే ఆ వాయువును విడుచునని ఇంగెన్‌హౌస్ 1779లో తేల్చెను. నీట కరగిన ప్రాణవాయువును కొలుచు పద్ధతిని వింక్లర్ 1888లో కనిపెట్టెను. 20 డిగ్రీల వేడిగల లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లిగ్రాములు కరగును. 30 డిగ్రీలకు ఏడున్నరయే. అనగా ఎండ ముదిరి జీవులకు గాలి ఎక్కువ కావలసిన కాలముననే నీటిలో గాలి తక్కువ. పగలు పచ్చని నాచు ప్రాణవాయువు నిచ్చును. రాత్రి తానే దానిని పీల్చుకొనును. కావున సూర్యోదయమునకు ముందటి గడియలే చెరువునకు గండము. మబ్బుపట్టిన దినములు వరుసగా వచ్చినచో ఆ గండము రెట్టింపగును. తెల్లవారుజామున చేపలు పైకివచ్చి నోరు తెరచి కొట్టుకొనుటకు హేతువిదియే. బొచ్చె, శీలావతి వంటి చేపలకు 5 మిల్లిగ్రాములుండుట క్షేమము. మూడింటికి లోబడినచో ముప్పు.

దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క ఈ గండమును పెంచినది. అది చెరువును కప్పినచో గాలి తాకదు, ఎండ దిగదు. చచ్చి కుళ్ళునపుడు ఉన్న గాలిని హరించును. చూచుటకు పచ్చగా, పూవులతో ముచ్చటగా నుండును గాని, దాని క్రింద చెరువు ఉక్కిరిబిక్కిరి యగుచుండును.

ఇరువదవ శతాబ్ది కడపటి పాదమున కొల్లేటి చుట్టును, పిదప డెల్టా యంతటను చేపల చెరువులు, రొయ్యల చెరువులు వ్యాపించినవి. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించినది. కొద్దినీట ఎక్కువ ప్రాణులను పెంచుటచే గాలి చాలక, నీటిని చిమ్ము రెక్కల చక్రములు, ఏరేటర్లు, అవసరమైనవి. పూర్వము వెదురుగడలతో నీటిని బాదిన పనినే ఇవి చేయును. అర్ధరాత్రి మొదలు సూర్యోదయమువరకు ఇవి ఆగరాదు. ఆ వేళ విద్యుత్తు పోయినచో నెలల కష్టము ఒక్క రాత్రిలో తేలిపోవును. అప్పు మాత్రము మిగులును. కావుననే రైతు ఇంజనును సిద్ధముగా నుంచుకొనును. పంట తీసినపిదప అతడు చెరువు నెండగట్టి సున్నము చల్లును. తాతల నాటి వేసవి పని ఈ రూపమున తిరిగి వచ్చినదన్నమాట.

అందరి చెరువునకు చక్రములు పెట్టువారు లేరు. దానికి కావలసినవి తక్కువ వ్యయముతో అయ్యెడివే. కాలువనీరు తూమునుండి ఎత్తునుంచి దుముకుచు రావలెను, పాతనీరు వెడలుటకు త్రోవ యుండవలెను, గుర్రపుడెక్కను మొలకలోనే తీయవలెను, మురుగును మరలింపవలెను, కొన్నియేండ్ల కొకసారి ఊరివారు ముందుగా అనుకొని, వేరు నీటివసతి చూచుకొని, చెరువు నెండగట్టి పూడిక తీయవలెను. చెరువు త్రవ్వించినవాని పుణ్యము ఒకనాటితో ముగియును. దానికి ఊపిరి నిలుపుట ఏటేట ఊరివారు పంచుకొనవలసిన పుణ్యము.