గాస్ట్రిన్: జీర్ణాశయపు లోపలి పొరలో ప్రోటీన్ల తయారీ

గాస్ట్రిన్ జీర్ణాశయం దిగువ భాగంలోని జి కణాలు స్రవించే హార్మోన్. ఆమ్లం ఊరించేదిగానే దీనికి పేరు. లోపలి పొరను పెంచి పోషించడం కూడా అంతే విలువైన పని. 1905లో జాన్ సిడ్నీ ఎడ్కిన్స్ దీని ఉనికిని ప్రతిపాదించారు. దశాబ్దాల పాటు ఆ మాటకు రావలసిన గౌరవం దక్కలేదు. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ దీన్ని శుద్ధరూపంలో వేరుచేశారు.

1960ల చివర లియొనార్డ్ జాన్సన్ బృందం ఎలుకలకు గాస్ట్రిన్‌ను పోలిన పెంటాగాస్ట్రిన్ ఇచ్చి, రేడియోధార్మిక అమైనో ఆమ్లం ప్రోటీన్లలో ఎంత చేరుతోందో కొలిచింది. జీర్ణాశయపు పొరలో ప్రోటీన్ల తయారీ పెరిగింది. తర్వాతి ప్రయోగం మరింత గొప్పది. ఎలుకలకు నోటి ద్వారా ఏమీ పెట్టకుండా పోషకాలన్నీ రక్తనాళంలోకి ఎక్కిస్తే, పోషణకు లోటు లేకపోయినా గాస్ట్రిన్ తగ్గి పొర కుంచించుకుపోయింది. పెంటాగాస్ట్రిన్ కలిపి ఇస్తే ఆ క్షీణత ఆగింది. అంటే పోషకాలు మాత్రమే చాలవు, హార్మోన్ ఆదేశమూ కావాలి.

గాస్ట్రిన్ సీసీకే-2 గ్రాహకాలను అంటుకొని, హిస్టమిన్ తయారుచేసే హిస్టిడిన్ డీకార్బాక్సిలేజ్ ఎంజైము ఉత్పత్తిని పెంచుతుంది. సెక్రెటిన్ అనే హార్మోన్ గాస్ట్రిన్ వల్ల కలిగే పొర పెరుగుదలను అడ్డుకుంటుంది. సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ గాస్ట్రిన్ విడుదలనే తగ్గిస్తుంది.

గాస్ట్రిన్ స్రవించే కణితుల వల్ల వచ్చే జోలింజర్-ఎల్లిసన్ వ్యాధిలో జీర్ణాశయపు మడతలు దళసరి అవుతాయి. ఆమ్లాన్ని అణచే ఒమెప్రజోల్ వంటి మందులను దీర్ఘకాలం వాడినా రక్తంలో గాస్ట్రిన్ పెరుగుతుంది.