జీవ విమోచనం – పుణ్యం, వ్యాపారం

పంజరంలోని పక్షిని వెల ఇచ్చి కొని ఆకాశంలోకి వదలడం, బుట్టలోని చేపను కొని నీట విడవడం తూర్పు ఆసియా బౌద్ధులలో చిరకాలంగా పుణ్యకార్యం. చీనా భాషలో దీనిని ‘ఫాంగ్‌షెంగ్’ అంటారు. ఈ ఆచారానికి ఆధారంగా చెప్పే కథ మన దేశపుదే. సంస్కృతంలోని సువర్ణప్రభాస సూత్రంలో జలవాహనుడనే శ్రేష్ఠిపుత్రుడు, ఎండిపోతున్న మడుగులో కొట్టుకొంటున్న పదివేల చేపలను చూచి, ఏనుగులపై నీరు తెప్పించి పోయిస్తాడు. ఆ చేపలను ఆయన కోసం ఎవరూ పట్టి తేలేదన్నది గమనార్హం. ఆపద ముందు వచ్చింది. దయ తరువాత కలిగింది.

కాలక్రమాన ఈ వరుస తలకిందులైంది. క్రీ.శ. 759లో తాంగ్ వంశపు సుజోంగ్ చక్రవర్తి చీనా దేశంలో 81 విమోచన సరస్సులను ఏర్పాటు చేయించాడు. మింగ్ యుగంలో జుహోంగ్ (1535–1615) అనే భిక్షువు ప్రబోధంతో విమోచన సంఘాలు వెలిశాయి. జపానులో 1857 నాటి హిరోషిగే చిత్రమొకటి ఉన్నది: ఎదో నగరపు వంతెనపై అమ్మకానికి వ్రేలాడదీసిన తాబేలు. కొన్నవాడు దానిని నదిలో వదిలి పుణ్యం గడించాలి. అంతకుముందు దానిని పట్టినవాడెవడో ఉండాలి కదా!

ఈ చిక్కును చీనావారు ఏనాడో గుర్తించారు. బౌద్ధేతరమైన ‘లియేజీ’ అనే తావో గ్రంథంలో జావో జియాన్‌జీ అనే ప్రభువు నూతన సంవత్సరం నాడు విడిచిపెట్టడానికి ప్రజలు తెచ్చిన గువ్వలను స్వీకరించి బహుమానాలిచ్చాడు. ఒక అతిథి ఆక్షేపించాడు. మీరు వదులుతారని తెలిసి జనం పోటీపడి పడుతున్నారు, ఆ పట్టుకోవడంలో ఎన్నో చస్తున్నాయి, బ్రతకనివ్వదలచితే పట్టడమే నిషేధించండి అన్నాడు. ప్రభువు అంగీకరించాడు.

కర్మకు సంకల్పమే ప్రధానమని, కనుక కొన్నవాని పుణ్యానికి లోటు లేదని సమర్థించేవారున్నారు. తన డబ్బే రేపటి వలను నేయిస్తున్నదని తెలిసిన తరువాత ఆ సంకల్పం నిర్మలమని అనడం కష్టం. విడిచిన జీవి బ్రతుకుతుందా, తక్కిన జీవులను బ్రతకనిస్తుందా అన్న ప్రశ్న కూడా నేడు తోడైంది. 2015లో ఇంగ్లండులోని బ్రైటన్ తీరాన ఇద్దరు బౌద్ధులు అక్కడివి కాని అమెరికా జాతుల లాబ్‌స్టర్లను, పీతలను వందలుగా సముద్రంలో వదిలారు. స్థానిక జాతులకు ముప్పు కలిగించినందుకు 2017లో న్యాయస్థానం వారికి జరిమానా, పరిహారం కలిపి సుమారు 15,000 పౌండ్లు విధించింది.

అశోకుని మార్గం వేరు. ఆయన అయిదవ స్తంభశాసనం 26 ఏండ్లలో 25 సార్లు ఖైదీలను విడిపించినట్లు చెబుతుంది. జంతువుల విషయంలో మాత్రం చంపరాని వాటి పట్టిక ఇస్తుంది. మన గంజాం జిల్లాలోని జౌగడ శిలపై ఉన్న మొదటి శాసనం రాజుగారి వంటశాల లెక్కే చెబుతుంది: పూర్వం నిత్యం లక్షలాది ప్రాణులు, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిదినం కాదు, ఇకముందు ఆ మూడూ లేవు.