బొమ్మల దీవి, నిజం దీవి

సినిమా తెరమీద సెకనుకు 24 చట్రాలు మారుతుంటాయి. విడివిడిగా గీసిన బొమ్మలు మన కంటికి ఒకే కదలికగా తోస్తాయి. బొమ్మ నడిచిందని మనం నమ్ముతాం. ఇలా నమ్మించే శక్తి కలకూ పనికివస్తుంది, అబద్ధానికీ పనికివస్తుంది. ఎలాగో తెలుసుకోవాలంటే 1945 నాటి ఒక జపాన్ చిత్రాన్నీ, ఆ కాలపు మన అండమాన్ చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూడండి.

తెరమీద

జపాన్ జానపద కథల్లో మొమొతారో అనే బాలుడున్నాడు. పీచ్ పండులోంచి పుట్టి, జంతువుల సాయంతో రాక్షసులను జయిస్తాడు. ఈ కథానాయకుణ్ణి తీసుకుని, నౌకాదళ మంత్రిత్వశాఖ ప్రోత్సాహంతో, మిత్సుయో సెవొ అనే దర్శకుడు 'మొమొతారో: ఉమి నో షిన్‌పే' తీశాడు. 1945 ఏప్రిల్ 12న విడుదలైన ఈ 74 నిమిషాల చిత్రమే జపాన్ తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం. 74 నిమిషాలంటే లక్షకు పైగా చట్రాలు!

కథ దక్షిణ సముద్రంలోని ఒక దీవిలో జరుగుతుంది. అక్కడి జంతువులు జపాన్ సైన్యానికి సంతోషంగా విమానస్థావరం కట్టిపెడతాయి. పాట పాడుతూ జపాన్ అక్షరాలు నేర్చుకుంటాయి. తెల్లదొరలు కొమ్ములున్న రాక్షసులుగా కనిపిస్తారు.

నేలమీద

అండమాన్ దీవులను జపాన్ సైన్యం 1942 మార్చి 23న ఆక్రమించింది. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) బడుల్లో జపాన్ భాష నేర్పారు. అక్కడా విమానాశ్రయం కట్టారు. కానీ పాటలు పాడుతూ కాదు, జనం చేత వెట్టిచాకిరీ చేయించి.

1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ అక్కడ జాతీయ పతాకాన్ని ఎగురవేశాడు. అదొక గొప్ప కల. ఆ రోజుల్లోనే సెల్యులార్ జైలులో, గూఢచారులన్న అనుమానంతో బంధించిన భారతీయులు చిత్రహింసలు పడుతున్నారు. వైద్యుడూ పంజాబీ కవీ అయిన దివాన్ సింగ్ 1944 జనవరి 14న ఆ హింసలతోనే మరణించాడు. పతాకం ఎగిరిన సరిగ్గా నెలకు, జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. 1945 ఆగస్టులో ఆహారం కరువై, వందలాది మందిని హేవ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి దింపేశారు. బతికి బయటపడ్డవారు బహుకొద్దిమంది. ఆ అక్టోబరులో జపాన్ సైన్యం లొంగిపోయింది.

మరి బొమ్మల తప్పేనా?

కాదు. బాంబుదాడుల్లో కాలిపోయిన ఒసాకా నగరంలో ఆ చిత్రాన్ని ఒక పదహారేళ్ళ కుర్రవాడు చూశాడు. అందులోని మార్దవానికి కదిలిపోయి, తానూ ఎప్పటికైనా యానిమేషన్ చిత్రం తీయాలనుకున్నాడు. అతడే ఒసాము తెజుకా. 1963లో 'ఆస్ట్రో బాయ్'ను టెలివిజన్‌కు తెచ్చి, జపాన్ యానిమేషన్‌కు కొత్త దారి వేశాడు. 1988లో ఇసావొ తకహతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' అదే 1945ను మరో కంటితో చూపింది. అందులో వీరులు లేరు. కోబె నగరంలో ఆకలితో చనిపోయే అన్నాచెల్లెళ్ళున్నారు. గీసే పద్ధతి మారలేదు, చెప్పే మాట మారింది.

కాబట్టి విద్యార్థులారా, ఈసారి బొమ్మల చిత్రం చూసేటప్పుడు హాయిగా ఆనందించండి. చూశాక మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కల ఎవరిది? అందులో నోరులేని జంతువుగా గీసింది ఎవరిని?