వేపకొమ్మ నుంచి చైన్ బ్లాక్ దాకా: బరువులు ఎత్తిన కథ



పోయిన ఆదివారం మన కమిటీ మీటింగులో సగం సేపు బోరు మోటారు గురించే గడిచిపోయింది. హాలు బోరులో మోటారు కాలిపోయింది, పైకి తీయాలి. తీసేవాళ్ళు అడిగిన కూలి ఎక్కువని కొందరికి అనిపించింది. మన కుర్రవాళ్ళు ముగ్గురు లేచి, "మూడు పైపులు వెల్డింగు చేసి ముక్కాలి మేమే తయారు చేస్తాం, మీరు కాఫీ ఇప్పిస్తే చాలు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన, "మన తాతలు ఏం కొన్నారండీ? అన్నీ చేత్తోనే చేసుకున్నారు గదా" అని కూడా అన్నారు.

మాకు అక్కడే ఏదో చెప్పాలనిపించింది. కాని మీటింగులో మాట్లాడటం మాకు చేతకాదు, రాయడమే అలవాటు. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి. వచ్చే ఆదివారం లోపల చదివితే మంచిది.

ముందు తాతల సంగతి. మన తాతలు బరువెత్తింది ఎక్కువగా నీళ్ళే. కోలారు, చిత్తూరు, ఉత్తర ఆర్కాడు వైపు నుంచి వచ్చిన మన కుటుంబాల్లో ఏతం చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. నిలువు కంబం మీద ఒక పొడుగు దూలం, ఒక చివర బాన. దూలం మీద ఒక మనిషి ముందుకీ వెనక్కీ నడుస్తుంటే, అతని బరువుకే బాన మునిగి, అతని బరువుకే పైకి లేచేది. కపిల ఇంకొక రకం. బావి గట్టు మీద గిలక, తోలు తొండం, రెండు ఎద్దులు. ఎద్దులు వాలులో దిగుతూ లాగుతాయి. అంటే వాటి బలంతో పాటు వాటి బరువు కూడా పనిచేస్తుంది. మనం కపిల అన్నదాన్ని కన్నడంవాళ్ళు కపిలె అంటారు, మేము చదువుకున్న తమిళంలో కవలై అంటారు. మూడు భాషలకూ ఒకే బావి.

ఇవి ఇంట్లో చేసుకున్నవేనా? ఒక విధంగా అవును, అంగట్లో కొన్నవి కావు. కాని గిలక చేసింది వడ్రంగి. తొండం కుట్టింది తోలు పని తెలిసినవాడు. ఏ చెట్టు కొయ్య పగలకుండా ఆగుతుంది, మోకు ఎన్ని పురులు పేనాలి అన్నది వాళ్ళకు తాతముత్తాతల నుంచి తెలుసు. నాలుగైదు తరాలు తెగిన మోకులు చూసి నేర్చుకున్న పని అది. దాన్ని మొన్న పుట్టిన ఆలోచనతో పోల్చకూడదని మా మనవి.

ఇక కప్పి. ఈ మాట మేము తమిళ మీడియం బడిలో నేర్చుకున్నాం, తరువాత చూస్తే తెలుగు పాఠ్యపుస్తకాల్లో కూడా అదే మాట. ఒక్క కప్పి దూలానికి కట్టి తాడు లాగితే బరువేమీ తగ్గదు, లాగే దిక్కు మాత్రం మారుతుంది. పైకి లాగడానికి బదులు కిందికి లాగుతాం, అంతే. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. 100 కిలోల బరువును అలా లాగుతున్నప్పుడు దూలం మీద పడేది 100 కాదు, 200. బరువు ఒక పక్క, మన లాగుడు ఇంకొక పక్క. వేపకొమ్మకు తాడు వేసి ఇంజను ఎత్తినవాళ్ళు కొమ్మ ఎందుకు విరిగిందని ఆశ్చర్యపోయేది ఇందుకే.

కప్పిలు ఎక్కువైతే బరువు పంచుకుంటాయి. గ్రీకుల ఆర్కిమెడిస్ కప్పిల సాయంతో ఒక పెద్ద ఓడను ఒక్కడే కూర్చొని లాగాడని ప్లూటార్క్ రాశాడు. కాని అన్ని కప్పిలకూ బారెడు బారెడు తాడు కావాలి, చేయి వదిలితే బరువు ధన్ మని కింద పడుతుంది. ఈ చిక్కును తీర్చింది ఇంగ్లండుకు చెందిన థామస్ ఆల్డ్రిడ్జ్ వెస్టన్, 1854లో. పైన ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు, ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త చిన్నది. రెండింటి మీదుగా మొదలూ చివరా లేని ఒకే గొలుసు. పెద్ద చక్రానికి 10 పళ్ళు, చిన్నదానికి 9 అనుకోండి. ఒక చుట్టు తిప్పితే గొలుసు 10 పళ్ళ మేర పైకి వస్తుంది, 9 పళ్ళ మేర కిందికి జారుతుంది. మిగిలింది ఒక్క పన్ను. అది రెండు పేటలకూ పంచుకుంటే బరువు లేచేది అర పన్ను. 10 లాగితే అర లేచింది, అంటే లెక్క ప్రకారం 20కి 1.

నిజంగా 20 రెట్లు రాదు. రాపిడి సగానికి పైగా తినేస్తుంది. కాని ఆ రాపిడే రక్షణ. చేయి వదిలినా బరువు తనంతట తాను కిందికి జారదు. నష్టమనుకున్నదే మనిషి ప్రాణానికి కాపలా అయింది. బర్మింగ్‌హామ్ టాంగీ సోదరులు దీన్ని తయారు చేసి అమ్మారు. 1858లో గ్రేట్ ఈస్టర్న్ అనే మహా ఓడను నీళ్ళలోకి నెట్టడానికి వాడిన జాకీలు కూడా వాళ్ళవే. తరువాత వచ్చిన చైన్ బ్లాకుల్లో పళ్ళ చక్రాలు చేరాయి, రాపిడి తగ్గింది. తగ్గింది కాబట్టి ఆపడానికి వేరే బ్రేకు పెట్టారు. మన దేశంలో 1962లో ముంబయిలో హెర్క్యులిస్ హాయిస్ట్స్ కంపెనీ జర్మనీవాళ్ళ సహకారంతో మొదలయింది. ఇండెఫ్ అనే పేరు మీలో షెడ్లు నడిపేవాళ్ళకు తెలిసిందే.

మన రైల్వే కథలో ఇంకొక మలుపు ఉంది. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు లైను వేసింది 1864లో. మన కె.ఆర్.పురం ఆ దారిలోనే ఉంది. ఆ కాలంలో ఇంజను, క్రేను, జాకీ అన్నీ ఇంగ్లండు నుంచి ఓడలో రావాలి. మరి ఇక్కడ విరిగితే? అందుకే బిహారులో జమాల్‌పుర్ వర్క్‌షాపు, 1862లో. అక్కడ తయారైన జాకీకి జమాల్‌పుర్ జాకీ అనే పేరే స్థిరపడింది. 1961లో దేశంలోనే మొదటి రైల్వే క్రేను అక్కడే తయారు చేశారు. అంటే రైల్వే కూడా ఇంట్లోనే చేసుకుంది! ఇంట్లో చేసినదంతా తక్కువ రకం, కొన్నదంతా గొప్ప అని మేము చెప్పబోవడం లేదు.

మరి తేడా ఎక్కడ? మేము ఏ ఇంజనూ ఎత్తలేదు, రిజిస్టరు ఎత్తాం. గుమాస్తాలుగా మా చేతుల మీదుగా పోయిన పుస్తకాల్లో ఒకటి ఇలాంటి సామానుది. ప్రతి చైన్ బ్లాకుకూ ఒక నంబరు. ఎంత బరువు వరకు ఎత్తవచ్చు, ఎప్పుడు పరీక్ష చేశారు, మళ్ళీ ఎప్పుడు చేయాలి, ఎవరు సంతకం పెట్టారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను కూడా ఇదే చెప్పింది: గొలుసు, తాడు, ఎత్తే యంత్రం ఏదైనా సరే, అర్హత ఉన్న మనిషి 12 నెలలకు ఒక్కసారైనా క్షుణ్ణంగా చూడాలి, దాని మీద రాసిన బరువుకు మించి ఎత్తకూడదు. మాకు అప్పట్లో అది విసుగు పని. ఒక డబ్ల్యుడీఎం-2 డీజిల్ ఇంజను 112 టన్నుల పైమాట. అంత బరువును జాకీల మీద లేపి, కింద మనుషులు దూరి పనిచేస్తారు. వాళ్ళను చూశాక ఆ సంతకాల మీద మాకు విసుగు పోయింది.

మనలో కోలారు బంగారు గనుల కుటుంబాలవారికి ఇది మేము చెప్పనక్కర్లేదు. మూడు కిలోమీటర్ల లోతు దాటిన గనుల్లోకి వాళ్ళ తాతలు, నాన్నలు ఉక్కు తాడుకు వేలాడే బోనులో దిగేవారు. తీగలు పేనిన ఆ రకం తాడు 1834లో జర్మనీ హార్ట్స్ గనుల్లో ఆల్బర్ట్ అనే అధికారి కనిపెట్టినది. ఒక తీగ తెగినా మిగతావి పట్టుకుంటాయి, తెగిన తీగ కంటికి కనిపిస్తుంది. గొలుసులో ఆ సుఖం లేదు, ఒక్క లింకు పోతే అంతా పోయినట్టే.

ఇప్పుడు ఒక పాత సంగతి. అప్పట్లో పాత మద్రాసు రోడ్డు పక్కన లారీ షెడ్లు చాలా ఉండేవి. ఒక షెడ్డులో రెండు గోడల మీద రైలు పట్టా ముక్క వేసి, దానికి కప్పి కట్టి, గేరుబాక్సులు ఎత్తేవారు. కొక్కెం మాత్రం అక్కడే కమ్మీ కాల్చి వంచినది. ఏడాది పైన బాగానే పనిచేసింది. ఒకరోజు కొక్కెం మెల్లగా విచ్చుకుంది. కింద చేయి పెట్టినవాడికి 17 ఏళ్ళు, మా పక్కింటి అబ్బాయి. కుడి చేతికి మూడు వేళ్ళు పోయాయి. అతను మీ అందరికీ తెలుసు, పేరు రాయను. మన ఉగాది పూజలో తీర్థం ఎడమ చేత్తో పడతాడు. కొత్తవాళ్ళు వింతగా చూస్తారు, పాతవాళ్ళం ఎవరం అడగం.

అదే రోడ్డులో ఇంకొక మేస్త్రీ ఉండేవాడు. ఆయన కూడా సొంతంగా చట్రం చేసుకున్నాడు. చేసిన మొదటి రోజే టన్ను ఎత్తాల్సిన చట్రానికి ఒకటిన్నర టన్నుల ఇసుక మూటలు వేలాడదీసి, రాత్రంతా వదిలేశాడు. పొద్దున దారం పట్టి దూలం వంగిందా అని కొలిచాడు. తరువాత ఎర్ర రంగుతో "1 టన్ను" అని రాశాడు. చైన్ బ్లాకు మాత్రం ఎస్పీ రోడ్డులో కొన్నాడు. "కాళ్ళు నేను చేయగలను, కొక్కెం నా వల్ల కాదు" అనేవాడు. కొక్కేన్ని సరైన ఉక్కుతో, సమ్మెట కింద సాగగొట్టి, పదును పెట్టి చేస్తారు. భారం మించితే అది ముందు వంగి కనిపిస్తుంది, వెంటనే విరగదు. వెల్డింగు చేసిన కొక్కేనికి ఆ మర్యాద తెలియదు.

పెద్ద పనుల్లో కూడా బరువు ఎవరినీ క్షమించదు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకుపోతుండగా పంటు ఒరిగి విగ్రహం నీళ్ళలో పడింది, మనుషులు పోయారు. మళ్ళీ లేపి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. డబ్బుకూ యంత్రాలకూ కొదవ లేని పని అది.

ఇక మన బోరు లెక్క చూద్దాం. లోతు 1000 అడుగులు. ఒకటిన్నర అంగుళం ఇనుప పైపు, 20 అడుగుల ముక్క ఒకటి సుమారు 22 కిలోలు. అలాంటివి 50, అంటే 1100 కిలోలు. పైపులో నిలిచిన నీళ్ళు ఇంకొక 400 కిలోలు. మోటారు, కేబులు వేరే. టన్నున్నర దాటింది. ఇప్పుడు ముక్కాలి. కాళ్ళు నిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే, ప్రతి టన్నుకూ ఒక్కో కాలు పాదం దగ్గర దాదాపు 190 కిలోల బలంతో బయటికి తన్నుతుంది. 45 డిగ్రీలకు జరిగితే 330. మన హాలు వెనక నున్నటి సిమెంటు నేల. పాదాలను గొలుసుతో కట్టకపోతే ముక్కాలి చాప పరిచినట్టు పడుకుంటుంది. పైపు జారితే బోరులోకి మొత్తం పోతుంది, ఆ బోరు ఇక మనకు లేనట్టే. అది డబ్బు నష్టం. పైన నిలబడి స్పానరు పట్టుకున్న అబ్బాయి సంగతి వేరే.

మా మనవి ఇది. ఈసారి మోటారు తీసే పని రోజూ చేసేవాళ్ళకే ఇద్దాం. వాళ్ళడిగిన కూలి ఎక్కువ కాదు. తక్కువ పడితే మా పెన్షనులోంచి మా వంతు ముందుగా ఇస్తాం. కుర్రవాళ్ళ ఉత్సాహం కూడా వృథా పోకూడదు. హాలుకు జనరేటరు, పెద్ద గంగాళాలు, స్టేజీ సామాను ఎత్తడానికి ఒక టన్ను చైన్ బ్లాకు సర్టిఫికెట్టుతో కొందాం. చట్రం వాళ్ళే చేయనీ, తెలిసిన మేస్త్రీ దగ్గర నిలబడి. ఇసుక మూటలతో పరీక్ష చేద్దాం, ఎర్ర రంగుతో అంకె రాద్దాం, ఏడాదికి ఒకసారి చూపిద్దాం. రిజిస్టరు మేము రాస్తాం. ఆ పని ఒక్కటి మాకు బాగా వచ్చు.

తాతలు కొనలేదన్నది నిజమే. కాని వాళ్ళు కపిల కట్టే ముందు మోకును ఆ చివర నుంచి ఈ చివర దాకా చేత్తో తడిమి చూసేవారు. అది కూడా ఒక రిజిస్టరే, రాయనిది.

ఆదివారం పది గంటలకు హాలులో కలుద్దాం.