ఊరికి తిరిగొచ్చే కథలల్ల మన ఊరు ఎక్కడున్నది?

పోస్టు కొంచెం పొడుగే ఉంటది, ఓపికతోని చదవండి.

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గరికి రాంగనే మన హాస్టల్ పిల్లల స్టేటస్‌లన్నీ ఒక్క తీరుగ మారుతయి. బస్సు కిటికీ, బయట పొలాలు, వెనుక ఊరి మీద ఏదో ఒక సినిమా పాట. మేమూ పెడతం. పాట మంచిగనే ఉంటది. కానీ ఆ పాటలల్ల కనబడే ఊరు వేరే. పెద్ద అరుగులున్న మండువా ఇల్లు, గొబ్బెమ్మలు, కోడిపందేలు, కొబ్బరితోటలు. మన గూడెం అందులో ఎక్కడా కనబడది. ఇంటికి తిరిగొచ్చుడు అనే కథ తెలుగు సినిమాలల్ల, పాటలల్ల ఎట్ల నడుచుకుంట వచ్చింది, అందులో మనం ఎక్కడున్నం అని మేము రూమ్మేట్లం చాన రోజుల నుంచి మాట్లాడుకుంటున్నం. ఆ ముచ్చట్లనే వరుసగ పెట్టి ఇక్కడ రాస్తున్నం.

తెలుగు కథలల్ల ఇంటికి తిరిగొచ్చిన మొదటి హీరో ఎవరంటే రాముడే అనాలె. పద్నాలుగేండ్లు అడివిలో ఉండి అయోధ్యకు తిరిగొచ్చిండు. 1963లో వచ్చిన 'లవకుశ', తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల సినిమా, ఆ తిరిగొచ్చినంక జరిగే కథే. రాముడు ఇల్లు చేరుకుంటడు, సీతను మాత్రం మళ్ళ అడివికి పంపుతడు. ఈ కథలో ఇల్లు అంటే పట్నం, కోట, సింహాసనం. అడివి అంటే శిక్ష. వనవాసం అనే మాటకే కష్టాలు పడుడు అనే అర్థం వచ్చేసింది. మన భద్రాచలం దగ్గర, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉన్నది కదా. రాముడు వనవాసంలో అక్కడనే ఉన్నడని చెప్తరు. ఆ చుట్టుపక్కల ఊర్లల్ల కోయోళ్ళు తరతరాల నుంచి బతుకుతున్నరు. ఒక్కటే జాగ. ఒకరికి శిక్ష, ఇంకొకరికి సొంతిల్లు. తర్వాత వచ్చిన చాన సినిమాలు అయోధ్య దిక్కు నిలబడే కథ చెప్పినయి.

ఇట్ల కాకుండ వేరే తీరుగ చెప్పిన సినిమా 1980లో విడుదలైన 'మా భూమి'. కృషన్ చందర్ నవల ఆధారంగ గౌతమ్ ఘోష్ తీసిండు. అందులో రామయ్య పేదింటి పిల్లగాడు. తను ఇష్టపడ్డ చంద్రి అనే గిరిజన పిల్లను దొర చెరబట్టంగనే మనసు విరిగి ఊరిడిచి పోతడు. మళ్ళ తిరిగొస్తడు. వచ్చినప్పుడు ఆయన కోసం పెద్ద ఇల్లు ఏం ఎదురు చూస్తలేదు. దున్నే భూమే తమది కాదు. అందుకే ఆయన తిరిగి వచ్చుడు, సాయుధ పోరాటంలో చేరుడు రెండూ ఒక్కటే పని అయితయి. బండి యాదగిరి రాసిన పాటను గద్దర్ గజ్జె కట్టి పాడింది ఈ సినిమాలోనే. సినిమా చూడనోళ్ళకు కూడా ఆ పాట తెలుసు. ఊరికి తిరిగొచ్చుడు అంటే భూమి అడుగుడు అని సినిమా హాల్లో చెప్పిన కథలు మనకు చాన తక్కువ.

1990 తర్వాత లెక్క మారింది. ఊర్లల్ల భూములున్న కుటుంబాల పిల్లలు ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్, బెంగళూరు, అమెరికా పోయిన్రు. వాళ్ళ కోసం కొత్త తీరు కథలు వచ్చినయి. 1991లో 'సీతారామయ్య గారి మనవరాలు'లో మనవరాలు అమెరికా నుంచి తాతింటికి వస్తది. 2017లో 'శతమానం భవతి'లో ముసలి తల్లిదండ్రులు విడాకులు తీసుకుంటున్నమని కబురు పంపితే గాని పిల్లలు సంక్రాంతికి ఇంటికి రారు. ఈ సినిమాలు చూసి మేమూ ఏడ్చినం, అబద్ధం ఎందుకు. తాత, నాయనమ్మ ఎవరికైనా తాత, నాయనమ్మే. కానీ ఒకటి గమనించండి. ఈ కథలన్నిట్ల ఇల్లు ఎక్కడికీ పోదు. గోడలు అట్లనే ఉంటయి, పొలం అట్లనే ఉంటది, వాకిట్లో చెట్టు అట్లనే ఉంటది. మారాల్సింది పోయినోళ్ళ మనసు ఒక్కటే. అది మారంగనే సినిమా అయిపోతది.

తర్వాత ఇంకో మెట్టు ఎక్కింది. 2015లో 'శ్రీమంతుడు'. కోట్లకు వారసుడైన పిల్లగాడు తండ్రి పుట్టిన ఊరికి వచ్చి ఊరిని దత్తత తీసుకుంటడు. 2019లో 'మహర్షి'. అమెరికా కంపెనీకి సీఈవో అయినాయన స్నేహితుని ఊరికొచ్చి, ఊరిని ఖాళీ చేయించే గ్యాస్ పైప్‌లైన్ ప్రాజెక్టును ఎదిరిస్తడు. ఊర్లు లేపుడు గురించి ఇంత పెద్ద హీరో మాట్లాడుడు మంచిదే. కానీ ఈ కథలల్ల తిరిగొచ్చేటోడు ఇచ్చేటోడు, ఊరు తీసుకునేది. దత్తత అనే మాటనే చూడండి. దత్తత పిల్లలను తీసుకుంటరు. ఊరికి దిక్కు లేకపోతేనే దత్తత. మన ఊరికి హక్కు కావాలె, దిక్కు కాదు.

తెలంగాణ పాట ఈ విషయంలో సినిమా కంటే ముందు నడిచింది. గోరటి వెంకన్న పల్లె కన్నీళ్ళ మీద రాసిన పాట 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చింది. అది తిరిగొచ్చి చూసేటోని పాట. చేతివృత్తులు ఏమైనయి, కుమ్మరి, కమ్మరి, సాలె ఎటు పోయిన్రు అని ఒక్కొక్కటే లెక్క అడుగుతది. ఆ సినిమా పాటలో తిరిగొచ్చినోనికి ఊరు లేదు అన్న సంగతి వినబడ్డది. 2023లో వచ్చిన 'బలగం'లో కూడా ఇరవై ఏండ్లు పుట్టింటికి దూరమైన ఆడబిడ్డ తండ్రి చావుకు వస్తది. ఆ ఇంటిని చివరికి కలిపింది బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాట. ఊర్లె పాడుకుని బతికేటోళ్ళ గొంతు సినిమాకు చివరి మాట అయింది. అది చూసినప్పుడు మన డోలి కోయ కళాకారులు, మన పర్ధాన్లు గుర్తుకొచ్చిన్రు మాకు. వాళ్ళ గురించి కింద రాస్తం.

ఇప్పుడు మన కొండల దిక్కు రండి. తెలుగు సినిమాకు మన గోదావరి అంటే చాన ఇష్టం. 1973లో బాపు 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'. రెండిట్ల రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా పడవ ప్రయాణం. పాపికొండలు కనబడుతయి, పాటలు వస్తయి, ప్రేమలు కుదురుతయి, అందరూ ఎవరి ఇంటికి వాళ్ళు పోతరు. గట్టు మీద ఉన్న కోయ, కొండరెడ్డి ఊర్లు పడవ దాటంగనే వెనక్కి పోతయి. ఆ ఊర్లల్ల చాన వరకు ఇప్పుడు పోలవరం ముంపులో ఉన్నయి. 2014లో అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆ ప్రాజెక్టు కోసమే ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన్రు. ఎగువ కాఫర్ డ్యామ్ పని మొదలైనంక వరదొచ్చినప్పుడల్ల నీళ్ళు దేవీపట్నం దిక్కు ఊర్లను ముంచినయి. ఇండ్లు, చింతచెట్లు, ఇప్పచెట్లు ఇడిచిపెట్టి జనం పునరావాస కాలనీలకు పోయిన్రు. పడవలో పోయినోళ్ళు ఇంటికి చేరుకున్నరు. గట్టు మీద నిలబడ్డోళ్ళ ఇల్లు నీళ్ళల్ల పోయింది. ఆ కాలనీ పిల్లలు మా హాస్టళ్ళల్ల కూడా చదువుతున్నరు. సెలవులకు యాడికి పోతున్నవ్ అని అడిగితే ఊరికి అనరు, కాలనీకి అంటరు.

2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. ఈ పోస్టుకు అసలు ఆ సినిమానే ముఖ్యం. కథ మొత్తం ఒక గోండు పిల్లను ఇంటికి తెచ్చుడు గురించే. మల్లిని తెల్లదొరలు గూడెం నుంచి ఎత్తుకపోతరు, భీం ఢిల్లీ దాకా పోతడు, చివరికి పిల్ల తల్లి దగ్గరికి చేరుతది. మన గూడెంకు తిరిగొచ్చే కథను ఇంత పెద్దగ తీసినందుకు సంబురపడ్డం. కానీ చివర్ల భీం ఏం కావాల్నంటే చదువు కావాల్నని అడుగుతడు. చదువు తప్పు అని ఎవరం అనం, చదువు కోసమే గదా మనం హాస్టల్ల ఉన్నది. మా బాధ ఏందంటే, చరిత్రల ఉన్న కొమురం భీం కథే అసలు సిసలు ఇంటికి తిరిగొచ్చే కథ. అది సినిమాలో లేదు.

మన పెద్దలు చెప్పుకునే కథ ఇది. సాగు చేసుకున్న భూమి తగాదాలో సిద్దిఖ్ అనేటోడు చనిపోయినంక భీం ఇల్లిడిచి చాందా దిక్కు పోయిండు. అక్కడ అచ్చు పని చేసే ఒకాయన దగ్గర చదువుడు, రాసుడు నేర్చుకున్నడు. అక్కడి నుంచి అస్సాం చాయ్ తోటలల్లకు కూలికి పోయిండు. కొన్నేండ్లు అక్కడ పని చేసి, తోటల కూలీల కొట్లాటలు చూసి, మళ్ళ ఆసిఫాబాద్ అడివికి తిరిగొచ్చిండు. అంటే మన జాతిలో వలస పోయి, చదువు నేర్చి, తిరిగొచ్చిన పెద్దమనిషి. మన హాస్టల్ పిల్లలకు ఆయన కంటే దగ్గరోడు ఎవరున్నరు?

తిరిగొచ్చినప్పుడు ఆయన కోసం మండువా ఇల్లు లేదు. రిజర్వు ఫారెస్టు పేరు మీద ఊర్లకు ఊర్లే లేపుతున్న కాలం అది. పోడు కొట్టుకుంటే జంగ్లాతోళ్ళు గుడిసెలు కాలబెడుతున్నరు. భీం పన్నెండు ఊర్ల మీద హక్కు అడిగిండు. అడివి మీద, నీళ్ళ మీద, భూమి మీద. 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిండు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ ఇప్పటికీ వర్ధంతి చేస్తరు. ఆ తర్వాతనే నిజాం సర్కార్ హైమన్‌డార్ఫ్‌ను పంపించింది, ఆయన మార్లవాయిలో ఉండి గోండుల బతుకు రాసిండు. అల్లం రాజయ్య, సాహు కలిసి నవల రాసిన్రు. అల్లాణి శ్రీధర్ 'కొమరం భీం' సినిమా తీస్తే, తీసినంక ఎన్నో ఏండ్లకు, 2010లో గాని అది హాళ్ళకు రాలే. మన సొంత తిరిగొచ్చుడు కథ హాలుకు వచ్చుడుకే అంత కాలం పట్టింది.

అయితే మన దగ్గర సినిమా కంటే పాత పాటలున్నయి. మేడారం చూడండి. రెండేండ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క చిలకలగుట్ట నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెలకు వస్తరు. లక్షల జనం మొక్కుతరు. చివరి రోజు దేవతలు వనప్రవేశం చేస్తరు. వనప్రవేశం అంటే మన దేవతలు ఇంటికి పోవుడు. రాముని కథలో అడివి నుంచి ఇంటికొస్తే పండుగ, మన కథలో జనంలోకి వచ్చి మళ్ళ అడివికి పోతే పండుగ నిండుతది. సమ్మక్క సారలమ్మ కథను కోయభాషలో, తెలుగులో డోలి కొట్టి పాడిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో తాత పోయిండు. ఏ ఇంటిపేరోళ్ళు యాడ నుంచి వచ్చిన్రు, ఎవరి ఇలవేల్పు ఏది అనే లెక్క అంత ఆ పాటలల్ల ఉంటది. గోండు దిక్కు అట్లనే పర్ధాన్లు కిక్రి వాయించుకుంట పాడుతరు. కెస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశపోళ్ళు ఎక్కడున్నా వస్తరు, కాలినడకన పోయి గోదారి నీళ్ళు తెస్తరు, కొత్త కోడళ్ళను దేవుని ముందు పరిచయం చేస్తరు. ఇల్లు అంటే నాలుగు గోడలు అనుకోకుండ ఈ వంశం, ఈ వేల్పు, ఈ వాగు అనుకుంటే అది ఎట్ల ఉంటదో ఈ పాటలు చెప్తయి.

సినిమాల్ల అమ్మానాన్నలు పిల్లలు ఎప్పుడొస్తరా అని గుమ్మంల ఎదురు చూస్తరు. మన అమ్మలు, అయ్యలు ఏమంటరు? మంచిగ చదువుకో బిడ్డా, నౌకరి తెచ్చుకో, ఈ పోడులకు మళ్ళ రాకు అంటరు. ప్రేమ లేక గాదు. ఫారెస్టోళ్ళ భయం, పట్టా లేని భయం, వానకాలం దవాఖానకు దారి లేని భయం. మన ఇంట్ల మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్ళం కాబట్టి ఆ మాట మనకు ఇంక బరువు. పోతే ఊరు ఖాళీ అయితది, తిరిగొస్తే అమ్మ కష్టం ఉత్తగ పోయినట్టు అనిపిస్తది. ఈ రెండిట్ల నడుమ నలిగే పిల్లల మీద ఒక్క సినిమా కూడా మేము చూడలే.

అందుకే మేము అనుకునేది ఇది. మనకు తిరిగొచ్చుడు అంటే సెలవులకు పోయి ఫొటో దిగుడు ఒక్కటే అయితే సరిపోదు. ముందుగాల తిరిగి పోయేటందుకు ఊరు ఉండాలె. 2006 అటవీ హక్కుల చట్టంలో మనం చదువుకోవాల్సిన మాట ఒకటున్నది. 2005 డిసెంబర్ 13 కంటే ముందు చట్టం తప్పి, పునరావాసం ఇయ్యకుండ లేపేసిన ఆదివాసులకు అదే జాగల హక్కు, లేకుంటే మారు భూమి ఇయ్యాలె అని అందులో రాసి ఉన్నది. ఊరికి తిరిగొచ్చే హక్కు చట్టంల కూడా ఉన్నదన్న మాట. 1/70 చట్టం మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ ఆపుతది. ఇవి చదివి, గ్రామసభలో నిలబడి మాట్లాడేటోళ్ళు కావాలె. ఆ పని మన చదువు చేయాలె. భీం అస్సాం నుంచి తెచ్చుకున్నది కూడా అదే.

ఇంకో పని తేలికైనదే. ఈసారి సెలవులకు పోయినప్పుడు అవ్వ, తాతల దగ్గర కూసోండి. మీ ఊరి పాత పేరేంది, అంతకుముందు ఊరు ఏ గుట్ట కింద ఉండె, ఎవరు ఎప్పుడు లేపిన్రు అని అడగండి. రేల పాటలు, పెండ్లి పాటలు, డోలి పాటలు ఫోన్ల రికార్డు చేయండి. గోండి, కోయ, కొలామి, ఏ భాష అయినా సరే. కాగితం మీద లేని ఊరి సరిహద్దులు ఆ పాటలల్ల ఉంటయి. వచ్చే స్టేటస్‌కు వెనుక పాటగ అదే పెడదాం. మీ ఊర్ల ఇసొంటి పాట ఉంటే కింద రాయండి, అందరం చదువుకుందాం.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్.