గొలుసు లాగేవాడు లేని ఆనకట్ట

పాత సినిమా హాళ్లలో ఇంటర్వెల్‌కి మగవాళ్ల వైపు వెళ్లినవాళ్లకు గోడ మీద పైన ఒక ఇనుప పెట్టె గుర్తుండే ఉంటుంది. దానికి గొలుసు ఉండదు, మీట ఉండదు. సన్నటి నల్లా ఒకటి అందులోకి కారుతూ ఉంటుంది. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, పెట్టె గుడగుడమని ఉన్న నీళ్లన్నీ కిందికి వదిలేసి మళ్లీ మొదటినుంచి నిండటం మొదలుపెడుతుంది. వనపర్తి జిల్లా మదనాపురం మండలంలో ఉన్న సరళాసాగర్ ఆనకట్టలో పనిచేసేదీ అదే కిటుకు అని తెలిసిన రోజు నాకు భలే ముచ్చటేసింది. అర టీఎంసీ నీళ్లను కాపలా కాసేది మూత్రశాల పెట్టెలోని తెలివి! అప్పటినుంచి దాని చుట్టపక్కాలను వెతుక్కుంటూ పోయాను.

సరళాసాగర్‌కు గేట్లు లేవు. గేట్లెత్తే మోటార్లు లేవు, బటన్లు లేవు, వరదొచ్చిన రాత్రి నిద్రలేపాల్సిన ఆపరేటరూ లేడు. ఉన్నవి 17 పెద్ద సైఫన్లు, వాటికి తోడు 4 ప్రైమింగ్ సైఫన్లు. నీరు నిండు మట్టానికి చేరి ఇంకాస్త పెరిగిందంటే అవే తెరుచుకుంటాయి. మట్టం తగ్గగానే అవే మూసుకుంటాయి. నిజానికి తెరవడానికీ మూయడానికీ అక్కడ తలుపంటూ ఏదీ లేదు. అదే దాని అందం.

డ్రమ్ములోంచి ఆయిల్ ఇంజనుకు డీజిలు తీసిన ప్రతి రైతుకూ సైఫన్ తెలుసు. పైపు ఒక కొన డ్రమ్ములో ముంచి, రెండో కొన నోట పెట్టి పీల్చి, వాసన నోట్లోకి రాగానే కిందికి వదిలేస్తాడు. ఆ తర్వాత పీల్చే పని లేదు. డీజిలు డ్రమ్ము అంచు దాకా ఎక్కి, దాటి, దిగుతూనే ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి దాన్ని అంచు దాకా నెడుతుంది, అవతల దిగే ధార బరువు లాగుతుంది. ఇక్కడ కష్టమంతా ఆ మొదటి పీల్పుదే. ఆనకట్ట దగ్గర ఆ పని ఎవరు చేస్తారు?

నీరే చేసుకుంటుంది. అలుగు గోడ మీద ఒక కాంక్రీటు గొడుగు కప్పారనుకోండి. గొడుగు ముందంచు చెరువు నీటిలో మునిగి ఉంటుంది, వెనకభాగం గొట్టంగా కిందికి దిగుతుంది. నీరు గోడను దాటి పల్చటి పొరగా జారుతున్నప్పుడు గొడుగు కింద చిక్కుకున్న గాలిని కొంచెం కొంచెంగా తనతో ఈడ్చుకుపోతుంది. లోపల గాలి పల్చబడేకొద్దీ నీరు ఇంకా పైకి ఎక్కుతుంది, ఇంకా గాలిని లాగుతుంది. కొంతసేపటికి గొట్టం నిండా నీరే. అంతే, సైఫన్ అందుకుంటుంది. చిన్న సైఫన్లు ముందుగా అందుకుని పెద్దవాటి గాలి లాగి సాయం చేస్తాయి కాబట్టే వాటిని ప్రైమింగ్ సైఫన్లన్నారు. చెరువు మట్టం దిగి గాలి దూరే సందు బయటపడగానే, లోపలికి గాలి చొరబడి ధార తెగిపోతుంది.

మామూలు అలుగు ఉండగా ఇంత తతంగం ఎందుకని అడగొచ్చు. అలుగుకూ తలుపు లేదు, ఆపరేటర్ లేడు. కానీ అలుగు మీద అడుగు ఎత్తున నీరు పొర్లితే, మీటరు పొడవుకు సెకనుకు పోయేది 300 లీటర్ల లోపే. అదే మీటరు పొడవులో, మీటరు ఎత్తు గొంతు ఉన్న సైఫన్ ఆరు మీటర్ల కిందికి నీటిని దింపితే, సెకనుకు ఆరువేల లీటర్ల పైచిలుకు లాగేస్తుంది. అలుగుకు తెలిసింది పైన పొర్లే ఆ అడుగు ఎత్తే, సైఫన్ మాత్రం కిందిదాకా ఉన్న మొత్తం దిగుడునూ వాడుకుంటుంది. పొడవు తగ్గుతుంది, కట్ట ఎత్తు తగ్గుతుంది, ఎగువన మునిగే పొలం తగ్గుతుంది. ఇబ్బందులూ ఉన్నాయి. దిగుడు ఎనిమిది మీటర్లు దాటితే లోపల ఒత్తిడి మరీ పడిపోయి నీరు బుడగలెత్తి కాంక్రీటును తినేస్తుంది. చెట్టు మొద్దు ఒకటి అడ్డం పడితే పని ఆగిపోతుంది. దిగువ వాగులోకి నీరు మెల్లగా కాదు, ఒక్కపెట్టున వస్తుంది.

ఈ కిటుకు వయసెంతో చెప్పడం కష్టం. ఈజిప్టు సమాధుల గోడల మీద జాడీల్లోంచి గొట్టాలతో ద్రవం తీస్తున్న బొమ్మలున్నాయి. మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియా హీరో తన గ్రంథంలో సైఫన్‌తో ఆడని ఆట లేదు. గ్రీకులు పైథాగరస్ పేరుతో చెప్పుకునే కప్పు ఒకటుంది. గీత దాకా పోసుకుంటే తాగొచ్చు, ఆశపడి గీత దాటించావో, మొత్తం ద్రాక్షసారా అడుగు చిల్లులోంచి ఒళ్లోకి కారిపోతుంది. మన ఇత్తడి పనివాళ్లు ఇదే యంత్రాన్ని తీసుకుని కథ మార్చేశారు. గిన్నె మధ్యలో వసుదేవుడు నిలబడి ఉంటాడు, చేతుల్లో పసివాడు కృష్ణుడు. నీళ్లు పోస్తూ పోతే యమున పెరుగుతుంది, వసుదేవుడి నడుము, ఛాతీ మునుగుతాయి. నీరు కృష్ణుడి పాదం తాకిందో లేదో, గిన్నె మొత్తం ఖాళీ అయిపోతుంది. వసుదేవుడి ఒంట్లో వంగిన గొట్టం దాచారు. దాని వంపు సరిగ్గా కృష్ణుడి పాదం ఎత్తున ఉంటుంది. గ్రీకు కప్పు తాగుబోతును శిక్షిస్తే, మన గిన్నె నదికి భక్తి నేర్పింది. నా ఓటు రెండోదానికే. ఈ గిన్నె ఇప్పుడు ఎక్కువగా మ్యూజియంలలోనూ, సైన్సు మాస్టార్ల ప్లాస్టిక్ కప్పు ప్రయోగాల్లోనూ కనిపిస్తోంది. ఇంట్లో పిల్లలు ఆడుకునే ఇత్తడి వస్తువుగా అది బతికి ఉంటే ఎంత బాగుండేది.

తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో బానూ మూసా అన్నదమ్ములు సైఫన్లతో విచిత్రపు కూజాలు చేశారు. 1206లో అల్ జజారీ చేతులు కడిగించే బొమ్మ గురించి రాశాడు. అక్కడినుంచి ఐదొందల ఏళ్లు గబగబా దాటేసి లండన్ వెళ్దాం. 1775లో గడియారాల పనివాడు అలెగ్జాండర్ కమింగ్ మరుగుదొడ్డి గొట్టాన్ని వంచి, ఆ వంపులో నీరు నిలిచేలా చేసి పేటెంటు తీసుకున్నాడు. వాసన ఇంట్లోకి రాకుండా ఆపింది ఆ గుక్కెడు నీళ్లే. మూడేళ్లకు జోసెఫ్ బ్రామా దానికి మెరుగులు దిద్దాడు. థామస్ క్రాపర్ ఫ్లష్ కనిపెట్టాడని ఇప్పటికీ చెబుతుంటారు గానీ ఆయన కనిపెట్టలేదు, బాగా అమ్మాడు. 1898లో సైఫన్ ఫ్లష్‌కు పేటెంటు తీసుకున్నది ఆల్బర్ట్ గిబ్లిన్.

మనదేశానికి వచ్చింది పోతఇనుము తొట్టి. రైల్వే క్వార్టర్లలో, ట్రావెలర్స్ బంగళాల్లో, పెద్దాసుపత్రుల్లో ఆరేడు అడుగుల ఎత్తున బిగించి, గొలుసు వేలాడదీసేవాళ్లు. తొట్టి లోపల బోర్లించిన బరువైన గంట ఉంటుంది. దాని నడుమ నిలువు గొట్టం. గొలుసు లాగితే గంట లేస్తుంది, వదిలితే దబ్బున పడి నీటిని గొట్టం అంచు మీదికి తోస్తుంది. అదే మొదటి పీల్పు. ఆ తర్వాత తొట్టి ఖాళీ అయ్యేదాకా ఆగదు. చప్పుడు వీధి చివరికి వినపడేది, కానీ ఒక చుక్క వృథాగా కారేది కాదు.

ఇక నాకిష్టమైన పదేళ్ల దగ్గరికి వస్తాను. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి హైదరాబాదుకు మిలటరీ గవర్నర్ అయ్యాడు. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు ఫర్మానా వచ్చింది. వనపర్తి సంస్థానం కూడా పోయే లెక్కలోకి వచ్చింది. సరిగ్గా నెల తిరిగింది. సెప్టెంబర్ 15న అదే చౌదరి వనపర్తి వచ్చి సరళాసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. కట్టించ తలపెట్టింది రాజా రామేశ్వరరావు, పెట్టిన పేరు తల్లి సరళాదేవిది. రాజ్యం చేజారుతున్న నెలలో, రాజ్యం తీసుకుంటున్న మనిషి చేత పునాది రాయి వేయించిన ఆ రాజుకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. కాలిఫోర్నియాలో చూసి ముచ్చటపడి ఈ పద్ధతి తెచ్చాడని ఇక్కడ చెప్పుకుంటారు.

పని పదేళ్లు నడిచింది. ఆ పదేళ్లలో మిలటరీ పాలన పోయి పౌర అధికారి వెల్లోడి వచ్చాడు, వెల్లోడి పోయి 1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు, 1956లో హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజావారు ఆఫ్రికాలో భారత దౌత్యవేత్తగా పనిచేసి తిరిగొచ్చి, 1957లో మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యాడు. తర్వాత ఓరియంట్ లాంగ్‌మన్ నడిపి పుస్తకాల మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. ఆయన ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ వెలిసింది. 1959 జూలై 26న పీడబ్ల్యూడీ మంత్రి జె.వి. నర్సింగరావు సరళాసాగర్‌ను ప్రారంభించాడు. ఇన్ని ప్రభుత్వాల ఫైళ్లు దాటుకుని ఒక విచిత్రమైన డిజైను మారకుండా బయటపడటమే నాకు ఆశ్చర్యం. ఎవరో ఒక ఇంజనీరు పంతం పట్టి ఉండాలి. ఫలకాల మీద ప్రముఖుల పేర్లుంటాయి, అలాంటివాళ్ల పేర్లుండవు.

దీన్ని ఆసియాలోనే మొదటి సైఫన్ ఆనకట్ట అని రాయని పత్రిక లేదు. రాయడం ఆపితే బాగుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ధమ్తరీ దగ్గర మురుమ్‌సిల్లి ఆనకట్టను 1914లో మొదలుపెట్టి 1923లో పూర్తిచేశారు, అదీ సైఫన్లతోనే. మైసూరు సంస్థానంలో కుణిగల్ దగ్గర మార్కోనహళ్లి కూడా సరళాసాగర్ కంటే పెద్దది వయసులో. అదే మైసూరు ఇంజనీరు గణేశ్ అయ్యర్ నీటిని సుడి తిప్పి గాలిని త్వరగా ఊడ్చేసే సొంత సైఫన్ తయారుచేశాడు. సరళాసాగర్ మొదటిది కాకపోతే వచ్చిన నష్టమేమీ లేదు. తెలుగునేల మీద ఇంత చక్కగా పనిచేస్తున్న సైఫన్ ఆనకట్ట కావడమే చాలు.

తనంతట తాను పనిచేసే నీటి సరంజామా ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. తొండం మోటను చూడండి. తోలు సంచికి కింద ఏనుగు తొండంలా పొడుగాటి తోలు గొట్టం. సంచి మూతిని లాగే లావు మోకు పై గిలక మీదుగా, తొండం కొసను పట్టుకునే సన్నతాడు ఒడ్డున ఉన్న కింది దిమ్మ మీదుగా పోతాయి. బావిలోంచి లేస్తున్నంతసేపూ తొండం పైకి మడిచి ఉంటుంది, చుక్క కారదు. ఒడ్డుకు రాగానే సంచి ఇంకా పైకి పోతుంది, తొండం మాత్రం దిమ్మ మీదుగా తొట్టిలోకి సాగి నీళ్లు తానే కుమ్మరిస్తుంది. రెండు ఎడ్లు, వాలుబాట మీద వాటిని తోలే ఒక్క మనిషి చాలు, ఒడ్డున రెండో మనిషి అక్కర్లేదు. కరెంటు మోటారు రావడంతో ఒక తరంలోనే మాయమైపోయింది. దాని తాళ్ల కొలతలు పక్కాగా చెప్పగల ముసలివాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

వనపర్తి రాజుల పెద్ద చెరువుల్ని సప్తసముద్రాలంటారు. శ్రీరంగాపురం రంగసముద్రం, కానాయపల్లి శంకరసముద్రం వాటిలోవే. నాగర్‌కర్నూల్‌కు కేసరిసముద్రం ఉంది. వీటి అలుగులకు మనిషి అక్కర్లేదు గానీ తూములకు కావాలి. రాతి స్తంభాల నడుమ నిలువు కర్రకు బిగించిన బిరడా ఎంత ఎత్తాలో, ఎన్నాళ్లు ఎత్తాలో నీరడికి తెలుసు. రాత్రిపూట కట్ట మీద నడిచేది అతనే. ఎలుక బొక్క, చీమల పుట్ట, కట్ట అడుగున కొత్తగా కనిపించిన చెమ్మ, ఇవన్నీ అతని లెక్కలో ఉండేవి. గద్వాల సంస్థానం ఏ పండితుడికి ఎంత వార్షికం ఇచ్చిందో సాహిత్య చరిత్రల్లో దొరుకుతుంది. విద్వద్గద్వాల అని పేరు ఊరికే రాలేదు. నీరళ్ల చరిత్ర రాసే ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు. వాళ్ల ఇనాములు పోయాయి, పని పేర్లు మారాయి. 2023లో గ్రామ రెవెన్యూ సహాయకులను (వీఆర్ఏలను) వేరే శాఖల్లో సర్దినప్పుడు కొందరు లస్కర్లుగా నీటిపారుదల శాఖకు వెళ్లారు. పాత పనికి కొత్త పేరుతో తిరిగి రావడమన్నమాట.

2019 డిసెంబర్ 31 పొద్దున సరళాసాగర్ కట్టకు గండి పడింది. వరద రోజు కాదు, చలికాలం. చెరువు నిండుగా ఉంది. నీళ్లన్నీ దిగువ రామన్‌పాడు వైపు పోయాయి. సైఫన్ల తప్పేమీ లేదు, తెగింది మట్టికట్ట. యంత్రం తన మట్టం వరకే చూసుకుంటుంది, కట్టలో ఊరుతున్న చెమ్మను చూడదు. గేట్లు లేని ఆనకట్టకు మనిషే అక్కర్లేదని మన ఆఫీసులు అనుకున్నట్టున్నాయి. గండి పూడ్చారు. తర్వాతి వానాకాలాల్లో సైఫన్లు మళ్లీ అందుకున్నాయి, జనం మళ్లీ సెల్ఫీలకు వచ్చారు.

ఇప్పుడు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నీరంటే కరెంటు. గద్వాల దగ్గర జూరాలలో గేట్లకు మోటార్లు. రాజోలిబండ (ఆర్డీఎస్) కాలువ చివరి పొలాలకు నీరందక తుమ్మిళ్ల దగ్గర లిఫ్టు. కొల్లాపూర్ వైపు నార్లాపూర్‌లో పాలమూరు–రంగారెడ్డి పథకానికి ఒక్కో పంపు 145 మెగావాట్లు. ఎత్తున్న నేలకు వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. కానీ కాణీ ఖర్చు లేకుండా నీటి బరువుతోనే నీటిని కదిలించే డిజైనును సరళాసాగర్ తర్వాత ఇక్కడ మళ్లీ వాడిన జాడ కనపడదు.

బాత్రూముల్లోంచి కూడా సైఫన్ వెళ్లిపోతోంది. 1980లో ఆస్ట్రేలియాలో బ్రూస్ థాంప్సన్ రెండు బటన్ల ఫ్లష్ తయారుచేశాడు. ఒకటి సగం నీళ్లకు, ఒకటి నిండుకు. దాని అడుగున రబ్బరు వాషరున్న వాల్వు ఉంటుంది. బ్రిటన్ 2001 దాకా వాల్వు ఫ్లష్‌లను రానివ్వలేదు, కారణం లీకేజీ భయమే. సైఫన్‌లో నీరు ఎక్కి దాటాలి కాబట్టి ఊరికే కారదు. వాల్వు అడుగున ఉంటుంది కాబట్టి వాషరు అరిగితే రాత్రంతా చప్పుడు లేకుండా కారుతుంది. మీ ఇంట్లో సంగతి తెలుసుకోవాలంటే ఫ్లష్ ట్యాంకు మూత తీసి బట్టలకు వాడే నీలం నాలుగు చుక్కలు వేయండి. అరగంట ఎవరినీ ఫ్లష్ చేయనివ్వకండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే ప్లంబర్‌ను పిలవాల్సిందే.