42వ అంకె



మా సున్నిపెంట ప్రాజెక్టు కాలనీలో క్రికెట్టు ఎరుగని బాలుడు లేడు. ఆ యాటకు దాయాది వంటిది అమెరికాలో కలదు. దాని పేరు బేస్‌బాల్. కుమారుని యొద్ద నుండగా, 2024 ఏప్రిల్ 15వ తేదీని లాస్ ఏంజిల్స్ నగరమున డాడ్జర్స్ జట్టువారి మైదానమున దానిని చూచితిని. అది 56,000 మంది కూర్చుండదగిన స్థలము.

బంతి విసరువాడు 60 అడుగుల 6 అంగుళముల దూరమున మట్టిదిబ్బపై నిలుచును. బంతి నేల తాకక నేరుగా వచ్చును. కొట్టువాని చేతిలోనిది పలక కాదు, రోకలి వంటి గుండ్రని కర్ర. కొట్టినవాడు నాలుగు మూలలును చుట్టి బయలుదేరిన చోటికి చేరినచో ఒక్క పరుగు. అష్టావధానమునకు పట్టునంత కాలము పట్టును.

నన్ను ఆశ్చర్యపరచినది ఆట కాదు. ఇరు జట్లవారి వీపులమీదను ఒక్కటే అంకె, 42! అంకెను బట్టియే గదా ఆటగానిని గుర్తింతురు? దాని చరిత్ర వినుడు.

19వ శతాబ్ది చివర నుండి నల్లవారిని పెద్ద జట్లలోనికి రానీయరైరి. వ్రాసిన శాసనము లేదు. యజమానుల లోపాయికారీ కట్టుబాటు మాత్రమే. వ్రాయని శాసనమెంత గట్టిదో మీబోటి పెద్దలకు నేను చెప్పవలయునా? నేను పనిచేసిన యొక పల్లెలో, ముండ్లకంపలో పడిన బంతిని తెచ్చుట ఊరివెలుపలి వాడల బాలుర పని. బ్యాటు పట్టు వంతు వారికి వచ్చెడిది కాదు. వలదని యెవరు ననలేదు. రమ్మనియు ననలేదు.

బ్రూక్లిన్‌లో నుండిన డాడ్జర్స్ జట్టు అధికారి బ్రాంచ్ రికీ, 1945లో జాకీ రాబిన్సన్ అను నల్ల యువకునితో ఒడంబడిక చేసికొనెను. ఎవరెంత దూషించినను తిరిగి యనరాదని అతనిని కోరెను. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ 42వ అంకె ధరించి రంగమున దిగెను. ప్రత్యర్థులు నోటికి వచ్చినట్లు తిట్టిరి. సొంత జట్టులోనే కొందరు, అతనితో కూడి ఆడజాలమని మహజరు వ్రాయబూనిరి. అతడు ఆటతోనే బదులు చెప్పెను. ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారుడను బిరుదము అతనికే దక్కెను. ఆ జట్టు 1958లో లాస్ ఏంజిల్స్‌నకు తరలినది. ఆ యంకెను ఏ జట్టునందును కొత్తగా ఎవ్వరికిని ఇయ్యరాదని 1997లో నిర్ణయించిరి. 2009 నుండి ఏప్రిల్ 15న మాత్రము అందరును దానినే ధరింతురు.

ఇది పరదేశపు కథ యని వినవలదు. పూనాలో పల్వంకర్ బాలూ అను చర్మకార కులజుడు ఎడమచేత బంతి విసరుటలో మేటి. హిందూ జట్టువారికి అతని చేయి కావలసినది. తేనీరు మాత్రము బయటనే, మట్టిపాత్రలో నిచ్చిరి. 1911లో అతడు ఇంగ్లండునకు పోయి నూరు వికెట్లకు మించి కూల్చెను. అయినను బొంబాయి పోటీలలో హిందూ జట్టు నాయకత్వము అతనికి దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కెను. 1916లో ఆ హిందూ జట్టుననే ప్రవేశించిన మన తెలుగువాడు కొట్టారి కనకయ్య నాయుడు, 1932లో లార్డ్స్ మైదానమున భారత జట్టును నడపెను. నాయుని సిక్సర్లను మనము నేటికిని చెప్పుకొందుము. బాలూ పేరు ఎందరికి తెలియును?

బాలూ 1955లో కన్నుమూసెను. అతని నాటి క్రికెట్టు చొక్కాలపై అంకెలు లేవు. స్మరణార్థము మన పిల్లలు ధరింపదగిన అంకెయు లేదు.